పన్నెండు స్విచ్చుల పెట్టె: రాయగడ షెడ్డు డైరీ

జూన్ 14, 2025, శనివారం

ఇవాళ రజో పండగ, ఇక్కడ ఒడిశాలో ఉయ్యాలలూగే రోజు. వీధి చివర మామిడి చెట్టుకి ఉయ్యాల కట్టేశారు, రిపేరుకి బండి తెచ్చేవాడు లేడు. షట్టరు సగం ఎత్తి పాత బిల్లులు చూసుకుంటుంటే మా మేనల్లుడు కిందనుంచి దూరి లోపలికొచ్చాడు. వాడి వెనక ఐటీఐలో వాడితో చదివే అమ్మాయి. ఇద్దరిదీ మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడే, ఆగస్టులో రెండో ఏడాదిలోకి వెళతారు.

"మావయ్యా, స్కిల్ పోటీకి పేర్లిస్తున్నాం. నువ్వు నేర్పాలి."

ఈ పోటీల గురించి నాకు తెలిసింది తక్కువే. 2019లో రష్యాలోని కజాన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మన ఒడిశా కుర్రాడు అశ్వత్థ నారాయణ వాటర్ టెక్నాలజీలో బంగారు పతకం కొట్టినప్పుడు పేపర్లో ఫొటో చూశాను, అంతే. మిగతాది వాళ్ళే చెప్పారు. ముందు రాష్ట్రం, తర్వాత ప్రాంతం, ఆ తర్వాత దేశం. కిందటేడు మే నెలలో జాతీయ పోటీలు ఢిల్లీ ద్వారకలోని యశోభూమిలో జరిగాయట. అక్కడ గెలిచినవాళ్ళు వరల్డ్ స్కిల్స్‌కి, అంటే ఆ ప్రపంచ పోటీలకి వెళతారు. రెండేళ్ళకోసారి పెడతారు: కిందటేడు ఫ్రాన్స్‌లో లియోన్, వచ్చే ఏడాది సెప్టెంబరులో షాంఘై. ఆటోమొబైల్ టెక్నాలజీ అందులో 33వ నంబరు స్కిల్. పోటీ జరిగే ఏడాదికి వయసు 22 దాటకూడదు. మావాడికి 19. "ఇంకా టైముంది మావయ్యా" అని వాడే వేళ్ళ మీద లెక్కేసి చూపించాడు.

పరీక్షగా నా ఆల్టో స్టార్ట్ చేసి, వాళ్ళని బయట నిలబెట్టి, ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే ఒక కాయిల్ కప్లర్ పీకేసి పిలిచాను. మావాడు బానెట్ దగ్గరికి కూడా రాలేదు. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి, తల పక్కకి వంచి, "మిస్సింగ్ కొడుతోంది, కాయిల్" అన్నాడు. ఇరవై సెకన్లు. నాకు ఛాతీ పొంగింది. పదేళ్ళప్పటినుంచి ఈ షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగాడు మరి.

ఆ అమ్మాయి మాత్రం సంచిలోంచి ఒక కాగితం తీసింది. వాళ్ళ ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చిన నమూనా మార్కుల షీటు. కంప్లయింట్ నిర్ధారించుకున్నాడా, కోడ్ (బండిలోని కంప్యూటరు ఫాల్టుకి ఇచ్చే నంబరు) చదివాడా, ఎక్కడ కొలిచాడు, ఎంత వచ్చింది, ఎంత రావాలి, బాగుచేశాక కోడ్ చెరిపి మళ్ళీ చూశాడా. ఒక్కో గడికి ఒక్కో మార్కు. మావాడికి అందులో వచ్చేది మొదటి గడి ఒక్కటే.

"ఆజ్ఞా, చెవికి గడి లేదు" అంది ఒడియాలో, మర్యాదగానే. ఆజ్ఞా అంటే అయ్యా అని.

జూన్ 19

రెండు రోజులు అదే ఆలోచన. షెడ్డుకొచ్చే బండిలో ఒక ఫాల్టు ఉంటుంది, అది బాగయ్యాక బండి వెళ్ళిపోతుంది. పిల్లలకి పాఠం చెప్తానంటే కస్టమర్ ఊరుకోడు. అమెరికాలో ఒకప్పుడు ప్లిమత్ కార్ల పేరుతో ట్రబుల్ షూటింగ్ పోటీలు నడిచేవని ఎక్కడో చదివాను. కార్లన్నిటిలో ఒకేలాంటి ఫాల్టులు దాచిపెట్టి, ముందెవడు స్టార్ట్ చేసి నడిపిస్తాడో చూసేవారట. ఆ దాచిపెట్టడం నచ్చింది. ఒక ఇంజిన్ని స్టాండు మీద కూర్చోబెట్టి, పక్కన తాళం వేసిన పెట్టెలో స్విచ్చులు పెడితే, ఏ స్విచ్చు నొక్కితే ఆ ఫాల్టు. పిల్లలకి కనిపించేది ఇంజిన్ ఒక్కటే.

ఆల్టో కే10 ఇంజిన్ అయితే మేలనుకున్నాం. 998 సీసీ, మూడు సిలిండర్లు, ప్రతి ప్లగ్గు నెత్తిన విడి కాయిల్, టైమింగ్ చైను. చిన్నది, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. విశాఖ వైపు ఒక పాత సామాన్ల కొట్లో ఫోన్ మీదే బేరం కుదిరింది: యాక్సిడెంట్ అయిన 2015 మోడల్ బండిది, ఇంజిన్, వైరింగు, ఇంజిన్ని నడిపే కంప్యూటరు ఈసీఎం కలిపి 24,000. ఇంట్లో 18,000 అని చెప్పాను. ఇది మా ఆవిడ చదివితే ఆ సంగతి వేరే.

జూన్ 27

రథయాత్ర. ఊరంతా రోడ్డు మీద, నేను వెల్డింగ్‌లో. స్టాండు అయింది: రెండంగుళాల చదరపు గొట్టాలు, నాలుగు చక్రాలు, రెండింటికి బ్రేకు. రేడియేటరు ముందుకి, బ్యాటరీ వెనక్కి.

జూలై 3

ఇంజిన్ వచ్చింది, ఎక్కించాం, వైరింగు కలిపాం. సెల్ఫ్ కొడితే బ్రహ్మాండంగా తిరుగుతోంది. అంటుకోదు. పెట్రోల్ వస్తోందా అంటే లేదు. స్పార్క్ అంటే లేదు. మూడు గంటలు రిలేలు మార్చి, ఫ్యూజులు మార్చి, చెమటలు కక్కాను. మీటరు పక్కనున్న చిన్న దీపం ఒకటి టపటపా కొట్టుకుంటోందని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు.

అదే ఇమ్మొబిలైజర్. తాళంచెవి తలలో చిన్న చిప్పు ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న మాడ్యూల్ ఆ చిప్పుని చదివి ఈసీఎంకి చెప్తుంది. ఆ మూడూ ఒక ఇంటివి కాకపోతే ఈసీఎం ఇంజిన్ని నడవనివ్వదు. కొట్టువాడు ఇంజిన్ ఒక బండిది, తాళం ఇంకో బండిది పంపాడు. ఫోన్ చేస్తే "మీ దగ్గర బాగా తెలిసినవాళ్ళు ఉండుంటారు కదండీ" అన్నాడు. వెటకారమో, పొగడ్తో ఇప్పటికీ తెలీదు.

జూలై 9

వేరే చోట పూర్తి సెట్టు దొరికింది: ఈసీఎం, మాడ్యూల్, తాళం, చెవి, అన్నీ ఒకే బండివి. 6,500. పార్వతీపురం నుంచి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపారు. కొత్త చెవి తిప్పాను, దీపం వెలిగి ఆరిపోయింది. ఇంజిన్ పెట్రోల్ లేకుండానే ఒకసారి దగ్గింది. పంపు బిగించాలి.

జూలై 13, ఆదివారం

పొద్దున్న 11కి మొదటిసారి నడిచింది.

నడిచిన నలభై సెకన్లలో ఆపేశాం. పెట్రోల్ పైపు ఇంజెక్టర్ రైలుకి (సిలిండర్లకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు బిగించిన గొట్టం) కలిసే చోట క్లిప్పు పూర్తిగా కూర్చోలేదు. లైనులో ఒత్తిడి సుమారు 3 బార్. సన్నగా సూదిలా చిమ్మింది, అదీ ఎగ్జాస్ట్ వైపు. మావాడు తాళం ఆపాడు, అమ్మాయి బ్యాటరీ టెర్మినల్ పీకింది, నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాను. పాతికేళ్ళ సర్వీసు నాది!

ఆ మధ్యాహ్నమే అగ్నిమాపక సిలిండర్ కొన్నాను. స్టాండుకే బిగించాను, అడ్డంగా ఉన్నా సరే. ఎగ్జాస్ట్‌కి పొడుగు గొట్టం వేసి షెడ్డు బయటికి లాగాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు షట్టరు పూర్తిగా ఎత్తి ఉండాలి. పెట్రోల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు. ఈ మూడు నియమాలూ గోడ మీద సుద్దతో రాయించాను, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి.

జూలై 20

పెట్టె మొదలైంది. పాత స్విచ్ బోర్డు పెట్టె, పన్నెండు టోగుల్ స్విచ్చులు, ముందు తాళం.

ఫాల్టు అంటే మూడు రకాలని పిల్లలతో కలిసి కూర్చుంటే తేలింది. వైరు తెగిపోవడం: స్విచ్చుని వైరు మధ్యలో పెడితే చాలు. వైరు తుప్పుపట్టి కరెంటు సగం సగం పోవడం: మధ్యలో కరెంటుని అడ్డుకునే ఒక రెసిస్టరు. మూడోది అన్నిటికంటే చికాకైనది, వచ్చి పోయే ఫాల్టు. దానికి ఒక పాత ఇండికేటర్ ఫ్లాషర్ వాడాను. నిమిషంలో కొన్నిసార్లు కలుపుతుంది, కొన్నిసార్లు వదిలేస్తుంది. కస్టమర్ "నిన్న ఆగిపోయింది, ఇవాళ బాగానే ఉంది" అంటాడే, ఆ జాతి.

నాకు బాగా నచ్చింది ఏడో స్విచ్చు. ఇంజిన్ వేడి చెప్పే సెన్సార్ లోపల ఉండేది థర్మిస్టరు. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓములు, 80 డిగ్రీలకి వచ్చేసరికి 300 ఓములు. ఏడో స్విచ్చు నొక్కితే సెన్సార్ బయటికి పోయి, దాని చోట పాత రేడియోలోంచి పీకిన వాల్యూమ్ బటన్ వస్తుంది. ఇంజిన్ కుతకుతలాడుతున్నా బటన్ని రెండున్నర కిలో ఓముల దగ్గర పెడితే ఈసీఎం ఇంజిన్ చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. కోడ్ ఏమీ పడదు, ఎందుకంటే అది అబద్ధమైనా నమ్మదగిన అబద్ధమే. బటన్ వైరు పూర్తిగా తెంపేస్తేనే పీ0118 కోడ్ పడుతుంది, ఫ్యాను కూడా గిరగిరా తిరుగుతుంది.

కోడ్ లేని ఫాల్టు చూసి మావాడికి కోపమొచ్చింది. "ఇది మోసం మావయ్యా." సగం బళ్ళు ఇలాగే వస్తాయిరా అన్నాను. ఈసీఎంని చదివే స్కానర్‌లో లైవ్ డేటా తెరిచి, ఇంజిన్ మీద చెయ్యి వేసి, రెండూ పోల్చుకోవాలి.

జూలై 26

తప్పు నాది. తొమ్మిదో స్విచ్చుని, ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి చెప్పే మ్యాప్ సెన్సార్‌కి వెళ్ళే 5 వోల్టుల వైరుని ఎర్త్ చేసేలా పెట్టాను. నొక్కగానే మ్యాప్ సెన్సార్ పోయింది, దానితో పాటు అదే 5 వోల్టుల మీద బతికే మిగతా సెన్సార్లు కూడా పోయాయి, ఇంజిన్ ఆగిపోయింది, స్కానర్ నిండా కోడ్‌లు. ఈసీఎం కాలిపోయిందనే అనుకున్నాను. చేతులు వణికాయి, 6,500 కదా. స్విచ్చు తీసేసి పది నిమిషాలాగి తాళం తిప్పితే ప్రాణం వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో స్విచ్చు సిగ్నల్ వైరుని తెంపుతుంది, అంతే. పీ0335, పీ0340 కోడ్‌లు పడే ఫాల్టులు, అంటే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్, కామ్ సెన్సార్లవి, మూడో, ఎనిమిదో స్విచ్చుల మీద పెట్టాను. పన్నెండోది ఖాళీ.

ఇంకో గొడవ జాయింట్ల మీద. నేను రెండు వైర్లు మెలేసి టేపు చుట్టాను, జీవితమంతా అదే చేశాను. మార్కుల షీటులో జాయింటుకి విడిగా గడి ఉందట, మెలేస్తే సున్నా. క్రింపింగ్ ప్లేయర్, వేడి తగిలితే ముడుచుకుపోయే గొట్టాలు తెప్పించి ముప్పై ఆరు జాయింట్లు మళ్ళీ చేయించాను. ఎవరితో? నాతోనే. పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయారు.

ఆగస్టు 5

పోటీలో ఇంకో భాగం, ఇంజిన్ మెకానికల్ మాడ్యూల్. ఒక పాత డీజిల్ క్రాంక్ షాఫ్ట్ బల్ల మీద పెట్టి జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) మైక్రోమీటర్‌తో మిల్లీమీటర్లలో కొలవమన్నాను. అమ్మాయి 49.98 రాసింది. మావాడు 49.48. కొలత మళ్ళీ తీయమంటే మళ్ళీ 49.48, ఈసారి పంతంగా.

మైక్రోమీటర్ అసలు కిటుకు ఇక్కడే. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే 0.50 మిల్లీమీటర్. స్లీవు మీద పైగీతలు మిల్లీమీటర్లు, కింది గీతలు అరలు. డ్రమ్ము అంచు అర గీతని దాటిందో లేదో చూసుకోవాలి. దాన్ని వదిలేస్తే మొత్తం అర మిల్లీమీటర్ పోతుంది. జర్నల్ అంత అరిగిందంటే ఆ ఇంజిన్ ఈపాటికి శబ్దానికే పార్వతీపురం దాకా వినపడాలి.

వాడికి ఆ మాటే చెప్పాను. "అర మిల్లీమీటర్ అరిగితే ఎలా మోగుతుందో నీ చెవికి తెలుసు కదరా, మరి కాగితం మీద ఎలా రాశావు?" వాడు కాసేపు క్రాంకు వైపు చూసి నవ్వేశాడు. తర్వాత నాలుగు జర్నళ్ళు రెండేసి చోట్ల, అడ్డంగా నిలువుగా కొలిచి పట్టీ రాశాడు. వాడికి వాడుగా రాసిన మొదటి పట్టీ ఇదే.

ఆగస్టు 17

అమ్మాయిది మునిగుడ వైపు, ఇంట్లో కంధుల భాష కుయి మాట్లాడతారు. ఆడపిల్లల కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టిన సుదక్ష్య పథకం మీద ఐటీఐలో చేరింది. ట్రేడులో ఆడపిల్లలు తక్కువే. తెలుగు హాస్టల్లో నేర్చుకుంది, "మావయ్యా" అనడం కూడా వస్తుంది గానీ నన్ను "ఆజ్ఞా" అనే పిలుస్తుంది. మా ఊళ్ళో ఇదేం వింత కాదు. బేరం తెలుగులో, బిల్లు ఒడియాలో, తిట్టు హిందీలో.

ఆమె బలహీనత వేగం. బోల్టు తీసేముందు పుస్తకం, తీశాక పుస్తకం. మావాడి బలహీనత పుస్తకం. ఇద్దరినీ కలిపి ఒకర్ని చేస్తే షాంఘైకి నేనే టికెట్ కొంటానన్నాను. ఇద్దరికీ నచ్చలేదు ఆ జోకు.

వరల్డ్ స్కిల్స్‌లో కొన్ని మార్కులు కొలిచి ఇస్తారు, కొన్ని చూసి ఇస్తారు. చూసి ఇచ్చేవాటికి ముగ్గురు నిపుణులు ఒక్కొక్కరు 0 నుంచి 3 దాకా వేస్తారు. బల్ల శుభ్రంగా ఉందా, పానా ఎక్కడ పెట్టాడు, ఫెండర్ మీద కవరు వేశాడా. మా షెడ్డు నేల చూస్తే ఆ ముగ్గురూ గుమ్మంలోంచే వెళ్ళిపోతారు. నేల కడిగించాను.

ఆగస్టు 24

స్టాండుకి నీలం రంగు వేశాను. అందరూ వచ్చి చూసి పోతున్నారు, తుప్పు మరకలతో ఎందుకని. బోల్టులన్నీ తీసి, రెండు కోటింగులు కొట్టి, ఆరాక మళ్ళీ బిగించాను. పెళ్ళికొడుకులా ఉంది.

ఆగస్టు 30

వాన. కరెంటు పోయింది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, బ్యాటరీ ముసలిదైంది. రాత్రంతా చార్జింగ్‌కి పెట్టాను.

సెప్టెంబర్ 3

చార్జింగ్ పెట్టినా అంతే. కొత్త బ్యాటరీ 4,200 అన్నారు. మాక్ టెస్ట్ అయ్యాక చూద్దాం.

సెప్టెంబర్ 7, ఆదివారం

మాక్ టెస్ట్. ఒక్కొక్కరికి 45 నిమిషాలు, రెండోవాళ్ళు బయట వీధి చివర టీ కొట్టు దగ్గర ఉండాలి, ఫోన్ నా జేబులో. మూడు ఫాల్టులు పెట్టాను. నాలుగో స్విచ్చు: రెండో ఇంజెక్టర్ వైరు తెగింది. ఏడో స్విచ్చు: చల్లని ఇంజిన్ అబద్ధం. పదో స్విచ్చు: ఫ్యాను రిలే. మార్కులు వందకి.

మావాడు ముందు. తాళం తిప్పాడు. "బ్యాటరీ డౌన్ మావయ్యా." అది పరీక్షలో లేదు, కానివ్వు అన్నాను. ఇంజిన్ అంటుకుంది, రెండే సిలిండర్లు అని విన్నాడు. స్కానర్ పెట్టాడు, రెండో ఇంజెక్టర్ కోడ్ పీ0202, ఇంజెక్టర్ కప్లర్ దగ్గర టెస్ట్ ల్యాంపు, వైరు వెనక్కి పట్టుకుపోయి పెట్టె దాకా వచ్చాడు. ఏడోది పట్టడానికి పదకొండు నిమిషాలు పట్టింది, కానీ పట్టాడు, ప్లగ్గు తీసి మసి చూసి. పదోది ఫ్యాను తిరగకపోవడం చూసి నేరుగా రిలే పీకాడు. 28 నిమిషాలకి మూడూ అయిపోయాయి. కాగితం మీద మాత్రం ఒక్క ఇంజెక్టర్‌కే కొలత రాశాడు. మిగతా రెండింటికి "ఓకే" అని రాశాడు. ఏది ఓకే? 58.

అమ్మాయి వచ్చింది. చేతులు తుడుచుకుంది, బల్ల మీద గుడ్డ పరిచింది, మల్టీమీటరు ముళ్ళు రెండూ కలిపి సున్నా చూపిస్తోందో లేదో చూసింది. తాళం తిప్పింది. సెల్ఫ్ మళ్ళీ నీరసంగానే.

నేను నోరు తెరిచేలోపు బ్యాటరీ కొలిచింది. 12.6. రాసుకుంది. నన్ను పిలిచి తాళం తిప్పమంది, బ్యాటరీ స్తంభాల మీద ముళ్ళు పెట్టి చూసింది. సెల్ఫ్ తిరుగుతుంటే 11.1. రాసుకుంది. ముసలి బ్యాటరీ అయితే అక్కడ తొమ్మిదికో పదికో పడిపోవాలి, పడలేదు. నాకు ఆ క్షణంలో చెవుల వెనక వేడెక్కింది. బ్యాటరీ బాగుంది, మరి సెల్ఫ్‌కి ఏం వచ్చింది?

ఒక ముల్లు బ్యాటరీ మైనస్ స్తంభం మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాకు మీద. "ఆజ్ఞా, మళ్ళీ." తిప్పాను. మీటరు 1.3 వోల్టులు చూపించింది.

అక్కడ 0.2 దాటకూడదు. ఇంజిన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరుగుదారి ఎర్త్ వైరే. ఆ దారిలో 1.3 వోల్టులు పోతున్నాయంటే ఎక్కడో కరెంటు నలుగుతోంది. ముల్లు బ్లాకు మీంచి ఎర్త్ పట్టీ రింగు మీదికి, రింగు మీంచి స్టాండు గొట్టం మీదికి జరుపుకుంటూ పోయింది. రింగుకీ స్టాండుకీ మధ్య ఆగింది. 1.2.

"ఇది ఏ స్విచ్చు ఆజ్ఞా?"

ఏ స్విచ్చూ కాదు. నేనే. ఆగస్టు 24న బోల్టులు తీసి రంగు వేసి, ఎండిన నీలం రంగు మీదే ఎర్త్ రింగు పెట్టి బిగించాను. తుప్పు మరకలున్నన్నాళ్ళూ లక్షణంగా నడిచింది.

మిగతా సమయంలో ఆమె ఇంజెక్టర్, వేడి సెన్సార్ రెండూ పట్టింది, కొలతలతో సహా. ఫ్యాను దాకా రాలేదు, 45 అయిపోయింది. నేను పెట్టని ఫాల్టుకి మార్కు వెయ్యాలా వద్దా? మావాడు వెయ్యొద్దన్నాడు. తర్వాత వాడే ఆ రింగు దగ్గరికి వెళ్ళి మీటరు పెట్టుకుని చూశాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. వచ్చి "వెయ్యి మావయ్యా" అన్నాడు. 64.

సెప్టెంబర్ 8

రింగు కింద రంగు గీకి, ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషర్ వేసి బిగించాను. పైన గ్రీజు. 0.08. సెల్ఫ్ గుర్రంలా తిరిగింది. 4,200 మిగిలాయి, వాటితో సిలిండర్ లోపలి వెడల్పు కొలిచే బోర్ గేజి కొనాలని ఉంది. ఖాళీగా ఉన్న పన్నెండో స్విచ్చుకి పని దొరికింది: ఎర్త్ దారిలో చెడ్డ జాయింటు. దానికి మందమైన కేబులు, బ్యాటరీ కటాఫ్ స్విచ్చు కావాలి, టోగుల్‌కి సెల్ఫ్ కరెంటు ఆగదు, కాలిపోతుంది.

సెప్టెంబర్ 17, బుధవారం

విశ్వకర్మ పూజ. మనవాళ్ళు ఆయుధ పూజ దసరాకి చేస్తారు, ఇక్కడ షెడ్లన్నీ ఇవాళ చేస్తాయి. మా ఇంట్లో రెండూ చేస్తాం, రెండు కొబ్బరికాయల ఖర్చు. ఇంజిన్ స్టాండుకి బంతిపూల దండ, పెట్టెకి బొట్టు, మల్టీమీటర్‌కి కూడా బొట్టు. పూజయ్యాక పానా ముట్టకూడదు, రేపు పొద్దున్న దాకా.

పంతులుగారు ప్రసాదం పంచుతుండగా పేపర్ మిల్లు వైపు నుంచి ఒక పికప్ తోసుకుంటూ వచ్చారు. సెల్ఫ్ టక్ మని ఆగిపోతోంది. డ్రైవరు చేతులు జోడించాడు, లోపల కూరగాయలు వాడిపోతున్నాయట.

"బ్యాటరీ" అన్నాడు మావాడు, అలవాటు కొద్దీ. తర్వాత వాడే ఆగి మీటరు వైపు చెయ్యి చాచాడు. పంతులుగారు "బొట్టు పెట్టాం బాబూ" అన్నారు.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డ్రైవర్ని హెడ్‌లైట్లు వెయ్యమన్నాడు, సెల్ఫ్ కొట్టమన్నాడు. లైట్లు పూర్తిగా ఆరిపోయాయి, మళ్ళీ వెలిగాయి. బానెట్ ఎత్తి, ఇంకో రెండుసార్లు కొట్టించి, రెండు టెర్మినళ్ళ మీదా చెరో చెయ్యి వేశాడు. ఎడమ చెయ్యి చటుక్కున తీసేశాడు, కాలింది. వదులైన జాయింటు వేడెక్కుతుంది. ఒట్టి చేత్తోనే టెర్మినల్ని మెలితిప్పి కిందికి నొక్కాడు. పికప్ అంటుకుంది.

డ్రైవరు ఇచ్చిన యాభై దేవుడి పళ్ళెంలో వేశాడు. పూజ రసీదు వెనక్కి తిప్పి, నా జేబులోంచి పెన్ను లాక్కుని ఏదో రాసి ఆ అమ్మాయికి చూపించాడు. ఆమె చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను తీసుకుని చూశాను.

ఫాల్టు: మైనస్ టెర్మినల్ వదులు. కొలత: లేదు. కారణం: విశ్వకర్మ.